ఇప్పుడు ఒక్క సర్వరే, రెండోది వచ్చే ఏడు: క్లస్టర్ కోసం ఇప్పటినుంచే ఏం చూసుకోవాలి?

పేట_ఐటీ | సోమవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నరసరావుపేటలో వంద పడకల ప్రైవేటు ఆస్పత్రిలో ఐటీ చూస్తాను. చూస్తాను అంటే సర్వర్ మొదలుకొని ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం దాకా అన్నీ నావే. మా డేటాబేస్ సర్వర్ బాగా పాతది, విండోస్ 2012 ఆర్2 మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 స్టాండర్డ్. పోయిన నెల ఓ రాత్రి రెండున్నరకి రెయిడ్ కంట్రోలర్ (డిస్కులన్నిటినీ కలిపి నడిపే కార్డు) పోయింది. పొద్దున పదకొండు దాకా ఎమర్జెన్సీ కౌంటర్లోనూ మందుల షాపులోనూ చేత్తో బిల్లులు రాశారు, ఆ కాగితాలన్నీ మళ్లీ సిస్టంలోకి ఎక్కించడానికి మూడు రోజులు పట్టింది.

మా ఎండీ గారు పిలిచి, "పక్కన ఇంకోటి పెట్టుకుంటే ఇది ఆగినప్పుడు అది నడవదా?" అన్నారు. నడుస్తుంది సార్, దాన్నే క్లస్టర్ అంటారు అన్నాను. ఖర్చు చెప్పేసరికి, ఈ ఏడు ఒకటి కొందాం, వచ్చే ఏప్రిల్ తర్వాత రెండోది చూద్దాం అని తేల్చేశారు. అంటే ఇప్పుడు ఒక్క సర్వరే వస్తుంది, కానీ వచ్చే ఏడు రెండోది వచ్చినప్పుడు మొదటిదాన్ని చెరిపేసి మళ్లీ మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసే పని పడకూడదు.

డేటాబేసులు మూడు: ఆస్పత్రి బిల్లింగ్ (22 జీబీ), ఫార్మసీ, ల్యాబ్. పీసీలు 85. వెండర్ ఏమో సర్వర్‌తో పాటు స్టోరేజ్ బాక్స్ కూడా ఇప్పుడే కొనేయండి, క్లస్టర్‌కి అది లేకపోతే కుదరదు అంటున్నాడు. నిజమేనా?

పాత_డీబీఏ | సోమవారం రాత్రి 10:31

సగం నిజం. మీ వెండర్ చెప్పేది ఒక రకం క్లస్టర్ గురించి, క్లస్టర్లు రెండు రకాలు. ఏది పెడతారో ముందు తేల్చుకోకుండా ఒక్క స్క్రూ కూడా కొనకండి.

మొదటిది ఫెయిలోవర్ క్లస్టర్ ఇన్‌స్టెన్స్ (ఫెయిలోవర్ అంటే ఒకటి పడితే పని రెండోదానికి మారడం, ఇన్‌స్టెన్స్ అంటే నడుస్తున్న ఎస్‌క్యూఎల్ మొత్తం). డేటా ఉన్న డిస్క్ ఒక్కటే, దాన్ని రెండు సర్వర్లూ చూడగలవు, ఒకటి పడితే రెండోది ఆ డిస్క్‌ని తీసుకుని ఎస్‌క్యూఎల్ సర్వీస్ మొదలుపెడుతుంది. దీనికి స్టోరేజ్ బాక్స్ లాంటిది కావాలి. ఇందులో చాలామంది కాలు జారే చోటు ఒకటుంది: మామూలుగా ఇన్‌స్టాల్ చేసిన ఎస్‌క్యూఎల్‌ని తర్వాత ఈ రకం క్లస్టర్‌గా మార్చడం కుదరదు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. మీరు భయపడేది సరిగ్గా ఇదే. దీనికి మందు ఏంటంటే, మొదటిరోజే ఒక్క నోడ్‌తో (క్లస్టర్‌లో ఒక్కో సర్వర్‌ని నోడ్ అంటారు) క్లస్టర్‌గా ఇన్‌స్టాల్ చేసుకోవడం. సెటప్‌లో ఆ ఆప్షన్ ఉంటుంది. వచ్చే ఏడు రెండో సర్వర్ మీద 'యాడ్ నోడ్' అంటే చాలు.

రెండోది ఆల్వేస్ ఆన్ అవైలబిలిటీ గ్రూప్. ఎవరి డిస్క్ వాళ్లదే, లాగ్ రికార్డులు (డేటాలో జరిగిన ప్రతి మార్పూ రాసుకునే చిట్టా) ఇటునుంచి అటు వెళ్తుంటాయి. స్టోరేజ్ బాక్స్ అక్కర్లేదు. మామూలు ఇన్‌స్టాల్ మీదే తర్వాత కూడా పెట్టుకోవచ్చు: విండోస్ క్లస్టర్ కట్టి, కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో ఒక టిక్ పెట్టి, సర్వీస్ రీస్టార్ట్ చేయడమే.

మీకు పోయింది రెయిడ్ కంట్రోలర్. మొదటి రకంలో రెండు సర్వర్లు పెట్టినా డిస్కుల పెట్టె ఒక్కటే. ఆ పెట్టె పోతే రెండూ ఖాళీ గిన్నెలే. నన్నడిగితే రెండోదే.

కొత్త_బ్యాచ్ | సోమవారం రాత్రి 10:38

అన్నా ఒక్క నోడ్‌తో క్లస్టర్ ఏంటి, ఒక్కడే ఉంటే దాన్ని క్లస్టర్ అని ఎలా అంటారు

పాత_డీబీఏ | సోమవారం రాత్రి 10:40

పెళ్లికి ముందే డబుల్ కాట్ కొనుక్కున్నట్టు తమ్ముడూ.

డల్లాస్_నైట్‌షిఫ్ట్ | మంగళవారం ఉదయం 6:15

పాత డీబీఏ గారు చెప్పింది కరెక్టే, కానీ స్టాండర్డ్ ఎడిషన్ అన్న మాట మర్చిపోయినట్టున్నారు. స్టాండర్డ్‌లో దొరికేది బేసిక్ అవైలబిలిటీ గ్రూప్ మాత్రమే, అదీ 2016 నుంచి. ఒక గ్రూప్‌లో ఒక్క డేటాబేసే, రెండే కాపీలు, రెండో కాపీ మీద రిపోర్టులు నడపడం కుదరదు, బ్యాకప్ తీయడం కూడా కుదరదు. మూడు డేటాబేసులు అంటే మూడు గ్రూపులు పెట్టుకోవాలి. పెట్టుకోవచ్చు, అడ్డేం లేదు. కానీ మూడూ వేటికవే ఫెయిలోవర్ అవుతాయి.

అంటే ఏమవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. రాత్రి ఏదో చిన్న కారణానికి బిల్లింగ్ ఒక్కటి రెండో సర్వర్‌కి వెళ్లింది, ఫార్మసీ మొదటిదాంట్లోనే ఉండిపోయింది. మీ సాఫ్ట్‌వేర్‌లో బిల్లింగ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే దాచిపెట్టిన కోడ్) లోపలినుంచి ఫార్మసీ స్టాక్ టేబుల్‌ని నేరుగా పిలిచే కోడ్ ఉంటే అది ఆ క్షణంలో చచ్చిపోతుంది. సర్వర్లు రెండూ పచ్చగా కనిపిస్తుంటాయి, కౌంటర్లో మాత్రం బిల్లు పడదు. ఇలాంటిది నేను చూశాను, తెల్లవారుజామున మూడింటికి. రెండు సర్వర్లూ బాగున్నాయని మేనేజర్‌కి చెప్తూనే ఉన్నాను, అటు కస్టమర్ అరుస్తూనే ఉన్నాడు.

మొదటి రకం క్లస్టర్‌లో ఈ గొడవ లేదు. ఇన్‌స్టెన్స్ మొత్తం మూటగట్టుకుని వెళ్తుంది: డేటాబేసులు, లాగిన్లు, జాబులు, అన్నీ. అందుకే ఇంకా చాలామంది దాన్ని వదలరు. కాబట్టి పేట ఐటీ గారూ, మీ సాఫ్ట్‌వేర్ వాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: ఒక డేటాబేస్‌లోంచి ఇంకో డేటాబేస్‌ని పిలిచే క్వెరీలు ఉన్నాయా?

సత్య_కోడ్ | మంగళవారం ఉదయం 9:05

ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పనిచేస్తాను (మీది కాకపోవచ్చు). ఉంటాయండీ. వంద శాతం ఉంటాయి. అడగక్కర్లేదు కూడా. ఒకప్పుడు ఫార్మసీని వేరే మాడ్యూల్‌గా అమ్మారు కాబట్టి వేరే డేటాబేస్ పెట్టారు, తర్వాత రెండూ కలపాల్సి వచ్చి ప్రొసీజర్లలో డేటాబేస్ పేరు, రెండు చుక్కలు, టేబుల్ పేరు రాసుకుంటూ పోయారు. మా దాంట్లో అలాంటి ప్రొసీజర్లు వందల్లో ఉన్నాయి.

దీనికంటే పెద్ద తలనొప్పి ఇంకోటుంది. మీ 85 పీసీల్లో కాన్ఫిగ్ ఫైల్ తెరిచి చూడండి. సర్వర్ పేరు ఉందా, ఐపీ అడ్రస్ ఉందా? ఐపీ ఉంటే, క్లస్టర్ ఎంత గొప్పగా కట్టినా క్లయింట్లు పాత గుమ్మం ముందే నిలబడి తలుపు కొడుతుంటాయి.

పేట_ఐటీ | మంగళవారం మధ్యాహ్నం 2:20

సత్య గారూ మీ నోటి మాట నిజం. ఇప్పుడే తిరిగొచ్చాను. 85లో 79 పీసీల్లో 192.168.1.10 అని నేరుగా రాసి ఉంది. నాలుగింటిలో సర్వర్ పాత పేరు ఉంది. మిగతా రెండూ ల్యాబ్‌లో అనలైజర్ మెషీన్లకి కట్టిన పీసీలు, వాటిలో సెట్టింగ్ ఎక్కడుందో కూడా తెలీదు. మెషీన్ కంపెనీ ఇంజినీర్ పాస్‌వర్డ్ పెట్టుకుని వెళ్లిపోయాడు, ఫోన్ చేస్తే విజిట్‌కి డబ్బులు కట్టాలట.

క్వెరీల సంగతి కూడా అడిగాను. "ఉన్నాయి సార్, కానీ మీకేం ప్రాబ్లం రాదు" అన్నారు.

డల్లాస్_నైట్‌షిఫ్ట్ | మంగళవారం రాత్రి 7:40

"మీకేం ప్రాబ్లం రాదు" 😀 ఏ దేశంలో ఉన్నా వెండర్ మాట ఒకటే.

ఐపీకి ఒక చిట్కా ఉంది, చాలాచోట్ల వాడాను. కొత్త సర్వర్‌కి .10ని సొంత అడ్రస్‌గా ఇవ్వకండి. సొంతానికి .21 అనో ఏదో ఇచ్చి, అదే నెట్‌వర్క్ కార్డు మీద .10ని రెండో అడ్రస్‌గా తగిలించండి. డిఫాల్ట్ ఇన్‌స్టెన్స్ అయితే ఎస్‌క్యూఎల్ మామూలుగా ఉన్న అడ్రసులన్నిటి మీదా 1433 పోర్టులో వింటూనే ఉంటుంది, పాత పీసీలు దేన్నీ గమనించవు. వచ్చే ఏడు క్లస్టర్ కట్టిన రోజు ఆ .10ని కార్డు మీంచి తీసేసి లిజనర్‌కి ఇచ్చేయండి. లిజనర్ అంటే ప్రస్తుతం ఏ సర్వర్ నడిపిస్తుంటే అక్కడికి వెళ్లి కూర్చునే పేరూ అడ్రసూ. అప్పుడు మీ ల్యాబ్ పీసీలను ఎవరూ ముట్టుకోకుండానే క్లస్టర్‌కి కనెక్ట్ అవుతాయి.

మిగతా పీసీలకు మాత్రం ఐపీ వద్దు. డీఎన్ఎస్‌లో (పేరుని అడ్రస్‌గా మార్చి చెప్పేది) ఒక సీనేమ్, అంటే మారుపేరు పెట్టి (హిస్‌డీబీ అనో ఏదో) దాన్ని ఇప్పుడు కొత్త సర్వర్ వైపు చూపించండి, తర్వాత లిజనర్ వైపు తిప్పండి. కాన్ఫిగ్ ఫైల్ ఒక్కసారే మార్చాలి. ఆ పేరు మాత్రం సర్వర్ పేరూ, మోడల్ పేరూ కాకుండా పెట్టండి. 'న్యూసర్వర్' అని పెట్టిన వాళ్లని చూశాను, పదేళ్ల తర్వాత కూడా అది న్యూసర్వరే.

పాత_డీబీఏ | మంగళవారం రాత్రి 8:30

స్టాండర్డ్ సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. మూడు గ్రూపులు ఒకేచోట ఉండాలంటే, ఒక గ్రూప్ పాత్ర మారినప్పుడు వచ్చే 1480 మెసేజ్ మీద అలర్ట్ పెట్టి, అది రాగానే మిగతా రెండిటిని కూడా అటే తోసే జాబ్ ఒకటి రాసుకోవచ్చు. నేను రెండుచోట్ల అలాగే నడిపిస్తున్నాను. అందంగా ఉండదు, పని అవుతుంది. సత్య గారి లాంటి వాళ్లు కరుణించి మూడు డేటాబేసుల్ని స్కీమాలుగా ఒక్కదాంట్లో కలిపిస్తే ఇంకా మంచిది, కానీ అది మీ జీవితకాలంలో జరగదు.

పేట ఐటీ గారూ, యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లనీ పాస్‌వర్డులనీ చూసుకునేది) ఎక్కడుంది మీకు?

పేట_ఐటీ | మంగళవారం రాత్రి 8:34

అదే సర్వర్‌లో ఉంది సార్. డొమైన్ కంట్రోలరూ (యాక్టివ్ డైరెక్టరీని నడిపేది) ఎస్‌క్యూఎల్లూ రెండూ ఒకేదాంట్లో. కొత్తదాంట్లోనూ అలాగే పెడదామని

పాత_డీబీఏ | మంగళవారం రాత్రి 8:36

వద్దు వద్దు వద్దు.

డొమైన్ కంట్రోలర్ మీద అవైలబిలిటీ గ్రూపులకి సపోర్ట్ లేదు, మొదటి రకం క్లస్టర్‌కీ లేదు. కలిపి పెట్టారంటే వచ్చే ఏడు ఏదో ఒకటి పీకాల్సిందే, మీరు తప్పించుకోవాలనుకున్న పనే మెడకి చుట్టుకుంటుంది. ఈ థ్రెడ్‌లో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి.

ఇంకో సర్వర్ కొనక్కర్లేదు. కొత్త సర్వర్ మీద నేరుగా ఎస్‌క్యూఎల్ ఎక్కించకుండా హైపర్-వీ (ఒకే మెషీన్‌లో వర్చువల్ మెషీన్లు, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన వేర్వేరు సర్వర్లు నడిపేది) పెట్టండి. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్స్ ఒకటి ఆ మెషీన్ కోర్లన్నిటికీ సరిపడా తీసుకుంటే రెండు వర్చువల్ మెషీన్లకి హక్కు వస్తుంది. ఒకటి ఎస్‌క్యూఎల్, ఒకటి డొమైన్ కంట్రోలర్. వచ్చే ఏడు రెండో సర్వర్ మీదా ఇదే జంట, అప్పుడు డొమైన్ కంట్రోలర్లు కూడా రెండవుతాయి.

పోస్ట్‌గ్రెస్_పిచ్చోడు | మంగళవారం రాత్రి 10:12

ఇన్ని గొడవలెందుకు, పోస్ట్‌గ్రెస్‌కి (ఉచిత డేటాబేస్) మారిపోండి. స్ట్రీమింగ్ రెప్లికేషన్ (మార్పులు ఎప్పటికప్పుడు రెండో సర్వర్‌కి పంపడం) 2010లో 9.0 నుంచి ఉంది, ఎడిషన్ గోల లేదు, ఎన్ని కాపీలైనా పెట్టుకో, వాటి మీద రిపోర్టులు నడుపుకో, నడుస్తున్న సర్వర్‌కి రెండోది ఎప్పుడు కావాలంటే అప్పుడు తగిలించుకో.

సత్య_కోడ్ | మంగళవారం రాత్రి 10:20

అన్నగారూ, వందల ప్రొసీజర్లు టీ-ఎస్‌క్యూఎల్‌లో (ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత భాష) ఉన్నాయి, మీరు తిరగరాస్తారా? ఆయన అడిగింది ఇల్లు ఎలా పెంచుకోవాలని, ఊరు మారిపొమ్మంటారేంటి.

పోస్ట్‌గ్రెస్_పిచ్చోడు | మంగళవారం రాత్రి 10:47

సరే సరే, ఆయనకి కాదు. ఈ థ్రెడ్ తర్వాత చదివేవాళ్ల కోసం చెప్తాను, ఎందుకంటే మా దాంట్లోనూ ముందే చూసుకోకపోతే దెబ్బతినే చోటు ఒకటుంది, అది నేను తిన్నాను.

ప్రైమరీ (అసలు సర్వర్) ఉబుంటు 18.04 మీద ఉంది. ఏడాదిన్నర తర్వాత స్టాండ్‌బై (దాని నకలు) కొత్త మెషీన్ మీద కట్టాం, కొత్తది కదా అని ఉబుంటు 20.04 ఎక్కించాం. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ రెండింట్లోనూ ఒకటే, రెప్లికేషన్ గడియారంలా నడుస్తోంది. ఓ రోజు స్టాండ్‌బైని ప్రైమరీ చేశాం. మర్నాడు ఫోన్: కస్టమర్ పేరు కొడితే రావట్లేదు, లిస్టులో మాత్రం కనిపిస్తున్నాడు. మతిపోయింది. తీరా చూస్తే జీలిబ్‌సీ (లినక్స్ మూల లైబ్రరీ) 2.28లో అక్షరాల వరుస నియమాలు మారాయి. టెక్స్ట్ ఇండెక్సులు (త్వరగా వెతకడానికి కట్టుకునే జాబితాలు) పాత వరుసలో కట్టి ఉన్నాయి, కొత్త ఓఎస్ కొత్త వరుసలో వెతుకుతోంది. పేర్లలో హైఫన్, చుక్క లాంటివి ఉన్న చోటల్లా గురి తప్పుతోంది. యూనిక్ ఇండెక్స్ ఉన్నా ఒకే పేరు రెండుసార్లు ఎక్కింది. అన్ని ఇండెక్సులూ మళ్లీ కట్టుకున్నాం, డూప్లికేట్లు చేత్తో ఏరుకున్నాం, వారం పట్టింది.

అందుకే ఈరోజు సర్వర్ పెట్టేవాడు ఓఎస్ వెర్షన్, లొకేల్ (భాష, అక్షరాల వరుస సెట్టింగ్), డేటాబేస్ వెర్షన్ ఒక కాగితం మీద రాసి సర్వర్ తలుపు లోపల అతికించాలి. రెండో సర్వర్ కొనేది వేరేవాడు కావచ్చు. చెక్‌సమ్స్ (డిస్క్‌లో డేటా పాడైతే పట్టిచ్చేవి) కూడా మొదటిరోజే ఆన్ చేసుకోండి, 18వ వెర్షన్ నుంచి అవే డిఫాల్ట్, అంతకు ముందువాటిలో ఇనిట్‌డీబీ (డేటాబేస్‌ని మొదట సృష్టించడం) అప్పుడు మనమే అడగాలి.

పాత_డీబీఏ | మంగళవారం రాత్రి 11:02

మంచి పాయింట్. ఎస్‌క్యూఎల్‌లో దీనికి చుట్టం కొలేషన్ (అక్షరాల వరుస, పోలిక నియమాలు). కొత్త సర్వర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాతదాని ఇన్‌స్టెన్స్ కొలేషన్ ఏంటో చూసి అదే పెట్టండి. నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంటూ పోతే టెంప్‌డీబీ (తాత్కాలిక టేబుళ్లు ఉండే డేటాబేస్) వేరే కొలేషన్‌తో రావచ్చు, అప్పుడు టెంప్ టేబుళ్లతో జాయిన్ చేసే ప్రొసీజర్లన్నీ ఎర్రర్ కొడతాయి. అలాగే డ్రైవ్ అక్షరాలు: డేటా డీలోనో ఈలోనో, లాగ్ ఎఫ్‌లోనో, ఏదైనా పెట్టండి కానీ రెండో సర్వర్‌లోనూ అవే ఉండాలి. తర్వాత ఎప్పుడో కొత్త డేటా ఫైల్ ఒకటి జోడిస్తారు, ఆ దారి రెండోదాంట్లో లేకపోతే ఆ డేటాబేస్ అక్కడ సస్పెండ్ అయి కూర్చుంటుంది.

ఫీజు_కౌంటర్ | బుధవారం ఉదయం 11:15

కాకినాడ వైపు ఓ కాలేజీలో ఫీజుల సాఫ్ట్‌వేర్ చూస్తాను, మరియాడీబీ. మేం మూడు నోడ్ల గలేరా క్లస్టర్‌కి (మరియాడీబీలో అన్ని నోడ్లలోనూ రాయగలిగే రకం) మారినప్పుడు జరిగింది చెప్తాను, ఎందుకంటే దీని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు: రసీదు నంబర్లు.

మా రసీదు నంబర్ అంటే టేబుల్‌లో ఆటో ఇంక్రిమెంట్ (దానంతటదే పెరిగే) ఐడీనే. పాత కోడ్, ఎవరో అలా రాసి వెళ్లారు. గలేరాలో ఒకే నంబర్ రెండు నోడ్లు ఇవ్వకుండా ఇంక్రిమెంట్ దానంతటదే నోడ్ల సంఖ్యకి మారిపోతుంది. మూడు నోడ్లు కాబట్టి మూడేసి. క్లస్టర్ ఎక్కించిన మర్నాడు పొద్దున కౌంటర్లో రసీదులు 20,416, 20,419, 20,422 ఇలా వస్తున్నాయి. క్యాషియర్ మేడమ్ మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, ఆ తర్వాత నా బల్ల మీద రసీదు పుస్తకం పెట్టి, "మధ్యలో రెండేసి రసీదులు ఎవరు కోసుకున్నారు బాబూ?" అని అడిగారు. ఆడిటర్‌కి నచ్చచెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఇంకా, మా పాత టేబుళ్లలో 14 మైఐసామ్‌లో (పాత రకం టేబుల్ ఫార్మాట్) ఉన్నాయి, ఆరింటికి ప్రైమరీ కీనే (ఒక్కో వరుసని గుర్తుపట్టే కాలమ్) లేదు. గలేరా ఇన్నోడీబీ ఫార్మాట్‌నే నమ్ముతుంది. ప్రైమరీ కీ లేని టేబుల్‌లో డిలీట్ కూడా సరిగ్గా పనిచేయదు. ముందురోజు కూర్చుని అన్నీ మార్చాం. ఒక్క సర్వర్ ఉన్నప్పుడే మార్చి ఉంటే ఓ ఆదివారం పని.

పేట_ఐటీ | బుధవారం మధ్యాహ్నం 1:05

అయ్యో ఆగండాగండి. మాకూ జరిగింది ఇది! రెయిడ్ కంట్రోలర్ పోయి సర్వర్ మళ్లీ లేచాక ఫార్మసీ బిల్లు నంబర్ 48,213 తర్వాత ఒక్కసారిగా 49,002 వచ్చింది. మా అకౌంటెంట్ గారు దాదాపు ఎనిమిది వందల బిల్లులు పోయాయని గుండె పట్టుకున్నారు. బ్యాకప్‌లన్నీ వెతికాను, ఎక్కడా లేవు. పోయాయనే అనుకున్నాం ఇప్పటిదాకా. మాది క్లస్టర్ కూడా కాదే?

సత్య_కోడ్ | బుధవారం మధ్యాహ్నం 1:30

పోలేదండీ, అసలు పుట్టనే లేదు. ఎస్‌క్యూఎల్ 2012 నుంచి ఐడెంటిటీ (దానంతటదే పెరిగే) నంబర్లను వెయ్యేసి చొప్పున ముందే తీసి మెమరీలో పెట్టుకుంటుంది (బిగింట్, అంటే ఇంకా పెద్ద అంకెలు పట్టే కాలమ్ అయితే పదివేలు). కరెంట్ పోయినట్టు హఠాత్తుగా ఆగితే తీసుకున్నవి గాల్లో కలిసిపోతాయి, మళ్లీ లేచాక తర్వాతి కట్టనుంచి మొదలుపెడుతుంది. క్లస్టర్ పెట్టాక ఫెయిలోవర్ జరిగినప్పుడల్లా ఇదే జరగొచ్చు. మీ అకౌంటెంట్ గారికి ఈ పోస్ట్ చూపించండి, నిద్రపడుతుంది.

2017 నుంచి డేటాబేస్ స్థాయిలో ఐడెంటిటీ క్యాష్ ఆఫ్ చేసే సెట్టింగ్ ఉంది, అంతకుముందు వెర్షన్లకి ట్రేస్ ఫ్లాగ్ 272. కానీ అది కూడా పూర్తి మందు కాదు, బిల్లు సగంలో రోల్‌బ్యాక్ (రద్దు) అయితే ఆ నంబర్ ఎలాగూ పోతుంది. జీఎస్టీ 46వ రూల్ ప్రకారం ఇన్వాయిస్ నంబర్ వరుసగా ఉండాలి, 16 అక్షరాలు దాటకూడదు. కాబట్టి మందుల బిల్లు నంబర్‌ని ఐడెంటిటీ మీద వదలకూడదు. కౌంటర్ టేబుల్ ఒకటి పెట్టి, బిల్లు సేవ్ అయ్యే అదే ట్రాన్సాక్షన్‌లో ఆ నంబర్ పెంచాలి. కొంచెం స్లో అవుతుంది, మందుల షాపుకి ఆ తేడా తెలీదు. మీ సాఫ్ట్‌వేర్ వాళ్లతో ఈ మార్పు ఇప్పుడే చేయించండి, కొత్త సర్వర్‌కి మారే బిల్లులోనే కలిపి అడగండి. తర్వాత అడిగితే వేరే కొటేషన్ ఇస్తారు. మా కంపెనీ కూడా ఇస్తుంది, అబద్ధం ఎందుకు.

పోస్ట్‌గ్రెస్_పిచ్చోడు | బుధవారం మధ్యాహ్నం 1:44

మా సీక్వెన్సులు (పోస్ట్‌గ్రెస్‌లో నంబర్లిచ్చేవి) క్రాష్ అయితే 32 దాకా ఎగురుతాయి. వెయ్యి కంటే నయమే 😉

వైరింగ్_వాసు | బుధవారం రాత్రి 9:20

సాఫ్ట్‌వేర్ నాకు తెలీదు, విజయవాడలో ర్యాకులు, కేబుళ్లు మన పని. ఒకటే అడుగుతా: రెండు సర్వర్లూ ఎక్కడ పెడతారు? ఒకే ర్యాక్‌లో, ఒకే యూపీఎస్ మీద, ఒకే స్విచ్‌కి కదా? పోయిన మే నెలలో ఒకచోటికి వెళ్లాను, లక్షలు పోసి క్లస్టర్ కట్టుకున్నారు, సర్వర్ రూమ్ అంటే మెట్ల కింద గది, ఏసీ ఒక్కటే. ఏసీ నీళ్ల పైపు బ్లాక్ అయి ఆగిపోయింది, రాత్రంతా వేడికి రెండు సర్వర్లూ పది నిమిషాల తేడాతో షట్‌డౌన్. రెండూ కలిసి బతికాయి, కలిసి పోయాయి.

సర్వర్ కొనేటప్పుడే పవర్ సప్లైలు రెండున్నది తీసుకోండి, ఒకటి ఒక యూపీఎస్‌కి, ఇంకోటి ఇంకో యూపీఎస్‌కి. రెండో సర్వర్‌ని వీలైతే వేరే బ్లాక్‌లో పెట్టండి. ఆస్పత్రిలో ఓపీ బ్లాక్, ఇన్‌పేషెంట్ బ్లాక్ వేరువేరుగా ఉంటాయిగా, మధ్యలో ఫైబర్ ఇప్పుడే లాగించండి. గోడలకి రంగులేశాక లాగాలంటే మళ్లీ మీ ఎండీ గారి మొహం చూడాలి.

డల్లాస్_నైట్‌షిఫ్ట్ | గురువారం ఉదయం 5:50

వాసు గారి మాటకి ఒక తోక. రెండు బ్లాకుల్లో రెండు సర్వర్లు పెట్టి మధ్య ఫైబర్ తెగితే ఎవరు అసలు, ఎవరు నకలు? ఇద్దరూ నేనంటే నేను అనకుండా ఉండాలంటే మూడో ఓటు కావాలి, దాన్నే విట్‌నెస్ అంటారు. చిన్న ఫైల్ షేర్ ఫోల్డర్ చాలు, ఖర్చు ఏమీ లేదు. కానీ దాన్ని ఆ రెండు సర్వర్ల మీద మాత్రం పెట్టకండి, వాటి మీద నడిచే వర్చువల్ మెషీన్ల మీదా పెట్టకండి. సీసీటీవీ గదిలో ఓ చిన్న నాస్ (నెట్‌వర్క్‌కి కట్టిన డిస్కుల పెట్టె) ఉంటే అది బంగారం.

లైసెన్స్ కొనేటప్పుడు సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్‌తో (లైసెన్స్‌తో పాటు కొనే మైక్రోసాఫ్ట్ అదనపు ఒప్పందం) అడిగి రేటు తెలుసుకోండి. అది ఉంటే ఊరికే నిలబడి ఉండే రెండో సర్వర్‌కి వేరే ఎస్‌క్యూఎల్ లైసెన్స్ కొనక్కర్లేదు. లేకపోతే కొనాలి. ఎక్కువచోట్ల రెండో సర్వర్ బడ్జెట్ తలకిందులయ్యేది ఇక్కడే, ఇనుము ఖర్చు దగ్గర కాదు.

కొత్త_బ్యాచ్ | గురువారం ఉదయం 10:10

డౌట్ అన్నా, వచ్చే ఏడు దాకా పాత సర్వర్ ఖాళీయే కదా, దాన్నే రెండో నోడ్‌గా పెట్టేస్తే?

పాత_డీబీఏ | గురువారం ఉదయం 11:25

మంచి డౌటే. నోడ్‌గా వద్దు, కానీ ఊరికే పడేయనూ వద్దు. లాగ్ షిప్పింగ్ అని పాతకాలపు పద్ధతి ఒకటుంది: ఇక్కడ పదిహేను నిమిషాలకోసారి లాగ్ బ్యాకప్ తీసి, అక్కడికి కాపీ చేసి, అక్కడ రిస్టోర్ చేస్తుంది. క్లస్టర్ అక్కర్లేదు, స్టాండర్డ్‌లో ఉంది. పెద్ద సర్వర్ పోతే పావుగంట డేటా పోతుంది, చేత్తో మార్చుకోవాలి. మీకు పోయిన నెల జరిగినదాంతో పోలిస్తే స్వర్గం.

మెలిక ఏంటంటే కొత్త వెర్షన్ బ్యాకప్ పాత వెర్షన్‌లో రిస్టోర్ కాదు. కొత్తది 2022 అయితే పాతదాంట్లోనూ 2022 ఉండాలి, అది 2012 ఆర్2 మీద ఎక్కదు, కనీసం విండోస్ సర్వర్ 2016 కావాలి. కాబట్టి పాత మెషీన్‌ని శుభ్రంగా తుడిచి కొత్త విండోస్ వేసుకోవాలి, పాత విండోస్‌కి 2023 అక్టోబర్లోనే, పాత ఎస్‌క్యూఎల్‌కి 2024 జూలైలోనే సపోర్ట్ ఆగిపోయింది, ఎలాగూ తీసేయాల్సినవే. దానికి లైసెన్స్ లెక్క కూడా మళ్లీ అస్యూరెన్స్ దగ్గరికే వస్తుంది.

మీ రికవరీ మోడల్ (లాగ్‌ని ఎంతవరకు దాచుకోవాలో చెప్పే సెట్టింగ్) ఏంటి? లాగ్ షిప్పింగ్‌కైనా, తర్వాత అవైలబిలిటీ గ్రూప్‌కైనా ఫుల్ ఉండాలి.

పేట_ఐటీ | గురువారం మధ్యాహ్నం 12:40

చూశాను. సింపుల్‌లో ఉంది. ఎవరో ఒకప్పుడు ఫుల్‌లో పెడితే లాగ్ ఫైల్ డిస్క్ అంతా మింగేసిందని మార్చారట.

పాత_డీబీఏ | గురువారం మధ్యాహ్నం 12:52

అందరి కథా అదే. ఫుల్‌లో పెట్టి లాగ్ బ్యాకప్ తీయకపోతే అది పెరుగుతూనే ఉంటుంది, తప్పు దానిది కాదు. ఒకచోట 20 జీబీ డేటాకి 180 జీబీ లాగ్ చూశాను. ఫుల్‌కి మార్చండి, ఒక పూర్తి బ్యాకప్ తీయండి, లాగ్ బ్యాకప్ జాబ్ అదేరోజు పెట్టండి, రేపు కాదు. తీసిన బ్యాకప్ ఓ ఆదివారం ఆ పాత సర్వర్‌లో రిస్టోర్ చేసి, ముందురోజు బిల్లు ఒకటి తెరిచి చూడండి.

క్లస్టర్ ఉంటే బ్యాకప్ ఎందుకని కొందరంటారు. వేర్ (ఏవి చెరపాలో చెప్పే షరతు) లేకుండా డిలీట్ కొడితే అది రెండో సర్వర్‌కి కూడా భేషుగ్గా వెళ్తుంది, రెప్లికేషన్ పని అదే.

సత్య_కోడ్ | గురువారం సాయంత్రం 5:15

లాగిన్లు, జాబులు మర్చిపోకండి. అవి మీ డేటాబేస్‌లో ఉండవు, మాస్టర్, ఎంఎస్‌డీబీ అనే సిస్టం డేటాబేసుల్లో ఉంటాయి, గ్రూప్‌తో పాటు వెళ్లవు. రెండో సర్వర్‌లో అదే పేరుతో లాగిన్ చేత్తో సృష్టిస్తే ఎస్ఐడీ (లాగిన్ లోపలి గుర్తింపు నంబర్) వేరే వస్తుంది, ఫెయిలోవర్ రాత్రి అందరికీ 'లాగిన్ ఫెయిల్డ్'. డీబీఏటూల్స్ అని ఉచిత పవర్‌షెల్ మాడ్యూల్ ఉంది, లాగిన్లను ఎస్ఐడీతో సహా కాపీ చేస్తుంది.

పేట_ఐటీ | తర్వాతి శనివారం రాత్రి 10:05

అందరికీ థాంక్స్ చెప్పి, ఏం జరిగిందో రాస్తున్నాను. స్టోరేజ్ బాక్స్ కొటేషన్‌లోంచి తీసేయించాను, వెండర్ కాస్త ముడుచుకున్నాడు. ఆ డబ్బులో కొంత సాఫ్ట్‌వేర్ అస్యూరెన్స్‌కి, కొంత రెండు బ్లాకుల మధ్య ఫైబర్‌కి వెళ్తోంది. ఎండీ గారికి ఫైబర్ ఎందుకో చెప్పడానికి వాసు గారి ఏసీ కథ చెప్పాను, వెంటనే సంతకం పెట్టారు.

పాతదాంట్లోనే ముందు ఫుల్ రికవరీ, లాగ్ బ్యాకప్ మొదలుపెట్టాను. హిస్‌డీబీ అనే పేరు డీఎన్ఎస్‌లో పెట్టి రోజుకి పదిహేను పీసీల చొప్పున మార్చాను. అకౌంటెంట్ గారికి సత్య గారి పోస్ట్ ప్రింట్ తీసి ఇచ్చాను, ఆయన దాన్ని ఆడిట్ ఫైల్‌లో పెట్టుకున్నారు. బిల్లు నంబర్ మార్పుకి సాఫ్ట్‌వేర్ వాళ్లు వేరే కొటేషనే పంపారు.

82 పీసీలు అయ్యాయి. రెండు ల్యాబ్‌వి, వాటిని .10 మీదే వదిలేస్తున్నాను. మిగిలింది దంతాల డాక్టర్ గారి గదిలోది, ఆయన తాళం జేబులో వేసుకుని కూతురి పెళ్లికి వెళ్లారు, వచ్చే గురువారం దాకా రారు.